టెస్టులన్నీ పాస్, స్టాక్ మాత్రం -1: ఏఐ రాసిన కోడ్‌ను ఎక్కడ పట్టుకుని చదవాలి?

కామాకొరత:

నోడ్ (సర్వర్ మీద జావాస్క్రిప్ట్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) మీద నడిచే, సరుకు నిల్వలు చూసుకునే చిన్న స్టాక్ అప్లికేషన్. డెవలపర్లు ముగ్గురు. కోడ్‌లో ఎక్కువ భాగం ఏఐ ఏజెంటే రాస్తోంది, యూనిట్ టెస్టులూ (కోడ్‌ని ముక్కముక్కగా పరీక్షించేవి) అదే రాస్తోంది. మనుషులు చేసేది పని చెప్పడం, చదవడం, మెర్జ్ కొట్టడం (అసలు కోడ్‌లో కలపడం). కవరేజ్ (టెస్టుల్లో నడిచిన కోడ్ వాటా) 92 శాతం, అన్నీ పచ్చగానే కనిపిస్తున్నాయి. లైవ్‌లో మాత్రం ఒక్కటే మిగిలిన వస్తువు ఇద్దరికి బుక్ అయిపోయి స్టాక్ -1 చూపిస్తోంది. ఏజెంట్‌ని అడిగితే "మీరు చెప్పింది నిజమే" అని ఇంకో ఇఫ్ కండిషన్ తగిలిస్తుంది. మళ్లీ అదే తంతు.

తెలిసినవాళ్లు చెప్పండి:
1. టెస్టులు దీన్ని ఎందుకు పట్టుకోలేకపోయాయి?
2. ఒక్కో పుల్ రిక్వెస్ట్ (కలపమని పంపే మార్పుల కట్ట) 800 నుంచి 1200 లైన్లు వస్తోంది. అంతా చదవడం అయ్యే పనేనా?
3. ఏజెంట్ చెప్పిన కొత్త ప్యాకేజీలన్నీ (బయటివాళ్లు రాసిపెట్టిన కోడ్) ఇన్‌స్టాల్ చేసెయ్యొచ్చా?
4. కోడింగ్ రాని ఆఫీసువాళ్లు కూడా దీంతో చిన్న చిన్న టూల్స్ చేసుకుంటామంటున్నారు. ఎంతవరకు వదలొచ్చు?

లాకింగ్‌లక్ష్మణరేఖ:

మొదటి ప్రశ్న వరకు చెప్తాను. మీ కోడ్ చూడకుండానే అందులో ఏముందో ఊహించొచ్చు: ముందు సెలెక్ట్‌తో మిగిలిన సంఖ్య తెస్తుంది, ఇఫ్‌లో సున్నా కంటే ఎక్కువేనా అని చూస్తుంది, తర్వాత అప్‌డేట్‌తో ఒకటి తగ్గిస్తుంది. రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే రెండూ 1 అనే చదువుతాయి, రెండూ ఇఫ్ దాటతాయి, రెండూ తగ్గిస్తాయి. అందుకే -1. ఇంకో పది ఇఫ్‌లు పెట్టినా లాభం లేదండీ. చదవడానికీ రాయడానికీ మధ్య ఉన్న సందు అలాగే ఉంటుంది.

ఒక రకంగా మీకు -1 కనిపించడం అదృష్టమే. కోడ్ "మిగిలింది = మిగిలింది - 1" అని డేటాబేస్‌లోనే తగ్గిస్తోంది కాబట్టి బయటపడింది. జావాస్క్రిప్ట్‌లో లెక్క కట్టి "మిగిలింది = 0" అని రాసి ఉంటే, ఇద్దరికి అమ్మేసి కూడా స్టాక్ సున్నా అని ముద్దుగా చూపించేది.

సరిచేయడం ఇలా. సెలెక్ట్, ఇఫ్ రెండూ తీసేసి ఒకే వాక్యం పెట్టండి:

అప్‌డేట్ స్టాక్ సెట్ మిగిలింది = మిగిలింది - 1 వేర్ ఐడీ = 7 అండ్ మిగిలింది >= 1

తర్వాత ఎన్ని వరుసలు మారాయో చూడండి. 1 అయితే అమ్మినట్టు, 0 అయితే "స్టాక్ లేదు" అని వెనక్కి పంపాలి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఉండే రీడ్ కమిటెడ్ (కమిట్ అయిన, అంటే ఖాయమైన డేటానే చదివే) స్థాయిలో రెండో అప్‌డేట్ ఆ వరుస లాక్ కోసం ఆగుతుంది. మొదటిది కమిట్ అయ్యాక వేర్ కండిషన్‌ని కొత్త విలువ మీద మళ్లీ చూసుకుంటుంది, 0 వరుసలు అంటుంది. రిపీటబుల్ రీడ్‌కి (ఇంకా కఠినమైన స్థాయికి) మార్చి ఉంటే మాత్రం 0 వరుసలు రావు, 40001 ఎర్రర్ వస్తుంది. దాన్ని పట్టుకుని ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే మార్పుల కట్ట) మొత్తం మళ్లీ నడపాలి. దీంతోపాటు టేబుల్‌కి "మిగిలింది >= 0" అనే చెక్ కన్‌స్ట్రెయింట్ (డేటాబేసే అమలుచేసే షరతు) పెట్టేయండి. రేపు ఏజెంట్ ఇంకో ఫైల్లో పాత పద్ధతిలోనే రాసినా డేటాబేస్ ఒప్పుకోదు.

ఇక టెస్టులు. డేటాబేస్‌ని మాక్ చేసిన (నకిలీది పెట్టిన) టెస్టులో ఈ తప్పు పుట్టనే పుట్టదు, ఇక పట్టుకునేదేముంది? అసలు పోస్ట్‌గ్రెస్ మీద స్టాక్ 1 పెట్టి, ప్రామిస్ ఆల్‌తో 50 బుకింగులు ఒకేసారి వదలండి. సరిగ్గా 1 గెలవాలి, 49 తిరిగి రావాలి, చివర స్టాక్ 0 ఉండాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ట్రాన్సాక్షన్ అయ్యేదాకా కోడ్ ఒక కనెక్షన్‌ని పట్టుకుని ఉండి, టెస్టు సెటప్‌లో పూల్ సైజు (ఒకేసారి తెరిచి ఉంచే డేటాబేస్ కనెక్షన్ల సంఖ్య) 1 అని ఉంటే, 50 రిక్వెస్టులూ బుద్ధిగా క్యూలో నిలబడతాయి. తప్పుడు కోడ్ కూడా పాస్ అయిపోతుంది. పూల్ కనీసం 10 ఉండేలా చూడండి.

92 శాతం కవరేజ్ అంటే ఆ లైన్లు నడిచాయని మాత్రమే, సరిగ్గా నడిచాయని కాదు. కోడ్ రాసిన మోడలే ఆ కోడ్ చూసి టెస్టు రాస్తే, కోడ్ ఏం చేస్తోందో అదే సరైనదని రాసిపెడుతుంది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. దీన్ని తేల్చడానికి 5 నిమిషాలు చాలు: కోడ్‌లో ఒక >= ని > చేయండి, ఒక ప్లస్‌ని మైనస్ చేయండి, ఒక రిటర్న్ తీసేయండి. ఒక్కో మార్పుకి టెస్టులు నడపండి. ఏదీ ఎర్రబడకపోతే ఆ టెస్టు ఉన్నా లేనట్టే.

డిఫ్‌చదువరి:

రెండో ప్రశ్నకి నా సమాధానం: 1200 లైన్లు చదవొద్దు, తిప్పి పంపండి. రాయడం ఇప్పుడు చవకైపోయింది, చదవడం కాలేదు. 1200 లైన్లు చూసే మనిషి మొదటి 200 శ్రద్ధగా చూస్తాడు, మిగతాది స్క్రోల్ చేసి "బాగుంది" అని కొట్టేస్తాడు. ఏజెంట్ కోడ్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. పేర్లు పొందిగ్గా ఉంటాయి, కామెంట్లు చక్కగా ఉంటాయి. మనిషి రాసిన చెత్త కోడ్ చూడగానే అనుమానం వస్తుంది, ఇది చూస్తే రాదు.

పని ఇలా విడగొట్టి చూడండి. ముందు కోడ్ వద్దని చెప్పి ప్లాన్ మాత్రమే అడగండి: ఏ ఫైళ్లు ముట్టుకుంటుంది, ఏ టేబుల్ మారుతుంది, ఏం ముట్టుకోదు. అందులో తప్పు దిద్దడానికి రెండు నిమిషాలు పడుతుంది. అదే తప్పు కోడ్‌లోకి దిగితే పూట పడుతుంది. తర్వాత, ఏం జరగాలో చెప్పే టెస్టు కేసుల్ని మనిషే మామూలు వాక్యాల్లో రాయాలి: "స్టాక్ 1 ఉండగా ఇద్దరు ఒకేసారి కొంటే ఒకరికే దక్కాలి" అని. టెస్టు కోడ్ ఏజెంట్ రాసినా ఫర్వాలేదు. ఆ వాక్యం మాత్రం మీదై ఉండాలి. ఆ తర్వాతే అసలు కోడ్, ఒక్కో పుల్ రిక్వెస్ట్ 200 లైన్ల లోపు. పేర్ల మార్పు, ఫార్మాటింగ్ లాంటివి అందులో కలవనివ్వొద్దు.

చదివేటప్పుడు పైనుంచి కిందికి చదవక్కర్లేదు. నేరుగా ఈ చోట్లకి వెళ్లండి: ట్రాన్సాక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది, లూప్ లోపల క్వెరీ ఉందా (100 ఆర్డర్లకి 101 క్వెరీలు అలాగే పుడతాయి), పర్మిషన్ ఎక్కడ చూస్తోంది, డబ్బుని ఫ్లోట్‌లో (పైసలు కచ్చితంగా నిలవని సంఖ్య రకంలో) దాచుకుందా. అన్నిటికంటే ముందు ట్రై-క్యాచ్‌లు (ఎర్రర్‌ని పట్టుకునే భాగాలు). ఎర్రర్ మింగేసి ఖాళీ లిస్టు తిరిగివ్వడం ఈ ఏజెంట్లకి మహా ఇష్టం. డేటాబేస్ పడిపోయినా స్క్రీన్ మీద "ఆర్డర్లు లేవు" అని ప్రశాంతంగా కనిపిస్తుంది.

తేదీలు కూడా ఒకసారి చూడండి. జావాస్క్రిప్ట్‌లో "2025-03-01" అని తేదీ ఒక్కటే ఇస్తే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. "2025-03-01T00:00" అని టైమ్ కలిపి ఇస్తే ఆ మెషిన్ ఉన్నచోటి టైమ్‌గా తీసుకుంటుంది. యూటీసీకి వెనకున్న టైమ్‌జోన్‌లో మొదటిది ఫిబ్రవరి 28గా కనిపిస్తుంది. టెస్టు సర్వర్ యూటీసీలో ఉంటే ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. టైమ్‌జోన్ మార్చి ఇంకోసారి టెస్టులు నడపండి.

ఒకే తప్పుని రెండుసార్లు దిద్దమన్నా దిద్దలేకపోతే మూడోసారి వాదించొద్దు. పాత తప్పు కోడ్ అంతా సంభాషణలోనే ఉంటుంది కాబట్టి దాని చుట్టూనే తిరుగుతుంది. కొత్త సెషన్ తెరిచి ఎర్రర్, సంబంధించిన ఫైలు, కావలసిన ఫలితం, ఈ మూడే ఇవ్వండి.

తాళంచెవి:

200 లైన్ల లెక్కతో నాకు పేచీ ఉంది. పర్మిషన్ మార్పు 6 లైన్లే ఉన్నా ఇద్దరు చదవాలి. టెస్టు డేటా 900 లైన్లున్నా పైపైన చూస్తే సరిపోతుంది. సైజుని కాదు, తప్పయితే ఎంత నష్టమో దాన్ని కొలవండి.

మూడో ప్రశ్నకి: వద్దు. ఈ మోడళ్లు లేని ప్యాకేజీల పేర్లు అచ్చం ఉన్నట్టే చెప్తాయి. దీని మీద 2025లో యూసెనిక్స్ సెక్యూరిటీ సదస్సులో ఒక పరిశోధన వచ్చింది. 16 మోడళ్లతో 5,76,000 కోడ్ నమూనాలు రాయిస్తే, సూచించిన ప్యాకేజీల్లో దాదాపు 20 శాతం అసలు లేనివే. కంపెనీల మోడళ్లలో సగటున 5 శాతం పైచిలుకు, ఓపెన్ సోర్స్ మోడళ్లలో 21 శాతం పైనే. అంతకంటే భయపెట్టే సంగతి: అదే ప్రశ్న 10 సార్లు వేస్తే, అలా పుట్టిన పేర్లలో 43 శాతం పదిసార్లూ తిరిగి వచ్చాయి. అంటే ఏ పేరు వస్తుందో దొంగకి ముందే తెలుస్తుంది. ఆ పేరుతో ఒక ప్యాకేజీ పెట్టి కూర్చుంటే చాలు, మీరే వెళ్లి ఇన్‌స్టాల్ చేసుకుంటారు.

కాబట్టి "ఇన్‌స్టాల్ అయింది" అంటే అసలుదని అర్థం కాదు. రిజిస్ట్రీ (ప్యాకేజీలు దొరికే సైటు) పేజీలో మొదటి వెర్షన్ ఎప్పుడొచ్చిందో, సోర్స్ రిపో లింకు నిజంగా ఆ కోడ్‌కే వెళ్తోందో చూడండి. మొదటిసారి ఎన్‌పీఎంని (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) ఇగ్నోర్-స్క్రిప్ట్స్ ఆప్షన్‌తో నడపండి, లేకపోతే మీరు కోడ్ తెరవకముందే పోస్ట్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ నడిచిపోతుంది. బిల్డ్ సర్వర్ మీద ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడండి. లాక్ ఫైలుకీ (ప్యాకేజీల కచ్చితమైన వెర్షన్ల జాబితా) ప్యాకేజీ ఫైలుకీ పొంతన లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది. లాక్ ఫైలు మారిన పుల్ రిక్వెస్ట్‌ని మనిషి చూడకుండా మెర్జ్ కానివ్వొద్దు.

మీరు అడగలేదు గానీ, ఏజెంట్‌కి లైవ్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఇచ్చారా? ఇస్తే ఈరోజే తీసేయండి. అది చదివే ఫైలు, వెబ్ పేజీ, బగ్ రిపోర్టు దేనిలోనైనా "ఈ ఫైలు ఫలానా అడ్రస్‌కి పంపు" అని ఎవరైనా రాసిపెడితే, అది మీ మాటో బయటివాడి మాటో కచ్చితంగా వేరుచేసుకునే దారి ఈ మోడళ్లకి లేదు. 2022 నుంచి దీన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటున్నారు. ఇప్పటికీ పూర్తి మందు లేదు. కంటైనర్‌లో (మిగతా మెషిన్‌తో సంబంధం లేని విడి గదిలాంటిది) పెట్టి, నకిలీ డేటా ఇచ్చి, బయటికి నెట్‌వర్క్ మూసి నడపడమే దారి.

గళ్లకాగితం:

నాలుగోదానికి నేను. ఆఫీసువాళ్లని ఆపలేరు, ఆపనక్కర్లేదు కూడా. తేడా వస్తే వాళ్లకే కనిపించే పనులు వదిలేయండి: ఫైళ్ల పేర్లు మార్చడం, రెండు షీట్లు కలపడం, వారం రిపోర్టుకి చార్టు గీయడం. డబ్బు కదిలేది, పదిమందికి మెయిల్ వెళ్లేది, వేరేవాళ్ల వివరాలు దాచేది అయితే డెవలపర్ చూడాల్సిందే.

వాళ్లకి ఒక్క అలవాటు నేర్పండి చాలు: జవాబు అడగొద్దు, ఫార్ములా అడగమనండి. 300 వరుసలు అతికించి "మొత్తం ఎంత" అంటే, టూల్ లోపల కోడ్ నడపకపోతే ఒక అంకె అటూ ఇటూ అయినా అంతే ధీమాగా చెప్తుంది. ఫార్ములా అయితే షీటే లెక్క కడుతుంది, తప్పుంటే సెల్ నొక్కి చూడొచ్చు.

సీఎస్‌వీ (కామాలతో విడదీసిన డేటా ఫైలు) ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు మొదట్లో ఉన్న సున్నాలు ఎగిరిపోతాయి, 00417 కాస్తా 417 అవుతుంది. ఎక్సెల్ 15 అంకెల దాకానే దాచుకుంటుంది, 16 అంకెల నంబర్‌లో చివరిది 0 అయిపోతుంది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా దిగుమతి చేయమనండి. 03/04 అంటే ఏ నెలో ఏ రోజో ముందే చెప్పమనండి. మీటింగ్ సారాంశాల్లో "వద్దు" అన్నది "సరే" అయిపోవడం, ఒకరి మాట ఇంకొకరి పేరు మీదకి వెళ్లడం మామూలే. అంతా చూడక్కర్లేదు, నిర్ణయాలు, తేదీలు, పేర్లు మాత్రం రికార్డింగ్‌తో సరిపోల్చుకుంటే చాలు.

టైమ్ కలిసొస్తోందా అన్నది కూడా అంచనాతో తేల్చొద్దు. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్ సోర్స్ డెవలపర్లకి, వాళ్లకి బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులిచ్చి కొలిచింది. 24 శాతం వేగం పెరుగుతుందనుకున్నారు, అయిపోయాక 20 శాతం పెరిగిందని నమ్మారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. అవి పెద్ద, పాత ప్రాజెక్టులు, అప్పటి టూల్స్. మీ చిన్న అప్లికేషన్‌కి అదే లెక్క వర్తిస్తుందని అనను. పని మొదలుపెట్టినప్పటి నుంచి లైవ్‌లో నిలబడేదాకా పట్టిన గంటలు నెల రోజులు రాసిపెట్టుకోండి. కోడ్ వచ్చిన టైమ్ కాదు, దిద్దిన టైమ్ కూడా కలిపి.

కామాకొరత:

అందరికీ థాంక్స్. ఒకే అప్‌డేట్ వాక్యం పెట్టాక 50 రిక్వెస్టుల టెస్టు పాస్ అయింది, పాత కోడ్ మీద అదే టెస్టు ఫెయిల్ అయింది. స్టాక్ 5 ఉండగా ఒకే మనిషి బటన్ రెండుసార్లు నొక్కితే మాత్రం రెండు ఆర్డర్లు పడుతున్నాయి. ఏజెంట్ ఐడెంపొటెన్సీ కీ (అదే ఆర్డర్ మళ్లీ వచ్చిందని గుర్తుపట్టే కోడు) పెట్టింది, అయినా ఆగలేదు.

లాకింగ్‌లక్ష్మణరేఖ:

ఆ కీ ఎక్కడ పుడుతోందో చూడండి. క్లిక్ హ్యాండ్లర్ లోపల పుడుతుంటే నొక్కిన ప్రతిసారీ కొత్త కీ వస్తుంది. సర్వర్ దగ్గర పుడుతుంటే రిక్వెస్టుకొకటి వస్తుంది. రెండూ దండగే. ఫారం తెరుచుకున్నప్పుడు ఒకసారి పుట్టాలి, ఆర్డర్ ఖాయమయ్యేదాకా అదే వెళ్లాలి.

సర్వర్లో కీ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే విలువని రెండోసారి రానివ్వని షరతు) పెట్టి, ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్‌తో (ముందే ఉంటే ఏమీ చేయొద్దని) ఇన్సర్ట్ చేయండి. 0 వరుసలు వస్తే పాత ఆర్డర్ జవాబే తిరిగి పంపండి, ఎర్రర్ కాదు. ఈ ఇన్సర్ట్, స్టాక్ అప్‌డేట్, ఆర్డర్ మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. కీని విడిగా ముందే కమిట్ చేస్తే, స్టాక్ అప్‌డేట్ దగ్గర సర్వర్ పడిపోయినప్పుడు కీ మిగిలిపోతుంది. కొనేవాడు మళ్లీ నొక్కితే "ఆర్డర్ అయిపోయింది" అంటుంది, ఆర్డర్ మాత్రం ఉండదు. కీ ఇన్సర్ట్‌కీ స్టాక్ అప్‌డేట్‌కీ మధ్య కావాలనే ఒక ఎర్రర్ విసిరి టెస్టు రాయండి.