బస్సు ఎక్కడుందో తెలిస్తే సరిపోతుందా? (బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు)

ప్రశ్న: మారతహళ్ళి నివాసి
సభ్యులకు నమస్కారం. హెబ్బాళ, సిల్క్ బోర్డు మధ్య తిరిగే 500-డి బస్సులను ఫోనులో పటం మీద చూస్తుంటే, ఒక్కోసారి మూడు బస్సులు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి, ఆ తర్వాత చాలా దూరం ఒక్కటీ కనిపించదు. బెంగళూరు బస్సుల జీపీఎస్ వ్యవస్థ 2016లోనే మొదలైంది కదా. ప్రతి బస్సు ఎక్కడుందో తెలిసినా ఈ గుంపులు ఎందుకు విడిపోవు? ఇంతకంటే మెరుగైన పరికరాలు కావాలా?

జవాబు: రవాణా ప్రణాళికలో పనిచేసే సభ్యుడు
పరికరాల లోపం కాదండీ. కాస్త ఆలస్యమైన బస్సు కోసం స్టాపులో ఎక్కువ మంది పోగవుతారు, వాళ్ళు ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యమవుతుంది, వెనుక బస్సుకు జనం తక్కువ కాబట్టి అది త్వరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. న్యూవెల్, పాట్స్ అనే పరిశోధకులు 1964లోనే దీన్ని గణితంతో చూపించారు. విరుగుడు కూడా తెలిసిందే: కాగితం మీది సమయాన్ని పక్కనపెట్టి, రెండు బస్సుల మధ్య ఎడాన్ని కాపాడడం. అందుకు కంట్రోల్ రూములో కూర్చున్న మనిషికి "ఫలానా బస్సును రెండు నిమిషాలు ఆపండి" అని చెప్పే అధికారం ఉండాలి, డ్రైవరుకు ఆ రెండు నిమిషాలూ డ్యూటీలో లెక్కకు రావాలి. ట్రిప్పులనో కిలోమీటర్లనో మాత్రమే లెక్కించే చోట బస్సును ఎవరూ మనస్ఫూర్తిగా ఆపరు.

జవాబు: సిగ్నళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేరుస్తాను. కెమెరాతో వాహనాలను లెక్కించి పచ్చలైటు సమయాన్ని మార్చే సిగ్నళ్ళు మన నగరంలోనూ వచ్చాయి. అయితే లెక్క వాహనాలదే అయినంతకాలం అరవై మందున్న బస్సు, ఒక్కరున్న కారు దాని కంటికి ఒకటే. బస్సు దగ్గరపడినప్పుడు పచ్చలైటును కొద్ది సెకన్లు పొడిగించడం కష్టమైన పని కాదు, కానీ బస్సు ఆ కూడలి దాకా రాగలగాలి! 2019లో సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్. పురం వైపు బస్సులకు వేరే వరుస (లేన్) కేటాయించారు, మెట్రో పనులు వచ్చాక అది నిలవలేదు. సియోల్ 2004లో రోడ్డు మధ్య బస్సు వరుసలు, దూరాన్ని బట్టి ఛార్జీ, స్మార్ట్ కార్డు, కేంద్రీకృత నియంత్రణ అన్నీ ఒకే సంస్కరణగా తెచ్చింది. మనం యాప్‌ను ముందు తెచ్చి, రోడ్డును తర్వాతకు వదిలేశాం.

జవాబు: వైట్‌ఫీల్డ్ సభ్యురాలు
టికెట్టు సమాచారాన్ని కూడా మరచిపోవద్దు. 2023 జూన్‌లో కర్ణాటకలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే శక్తి పథకం మొదలైనప్పటి నుంచి వాళ్ళకు ఇచ్చే సున్నా టికెట్టు కూడా ఒక ప్రయాణానికి ఆధారమే, నెలపాసు చూపించి కూర్చునేవారి ప్రయాణం మాత్రం అలా నమోదు కాదు. ఏ గంటలో ఏ మార్గానికి అదనపు బస్సు కావాలో తేల్చేటప్పుడు ఆ తేడాను సరిచేసుకోవాలి. ఇక స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ళపని మనుషులకు, సెక్యూరిటీ గార్డులకు స్టాపులోనే బస్సు ఎప్పుడొస్తుందో చూపే ఒక తెర ఉంటే చాలు.

ప్రశ్న: మారతహళ్ళి నివాసి
ధన్యవాదాలు. మరి నిండిన బస్సును దారి మధ్యలో ఆపితే లోపలివారు ఊరుకుంటారా?

జవాబు: రవాణా ప్రణాళికలో పనిచేసే సభ్యుడు
ఊరుకోరు, ఊరుకోవాలని అడగడం కూడా న్యాయం కాదు. అందుకే ముందుగా మార్గం రెండు చివరల్లోనే ఎడం సరిచేయాలి. ముందు బస్సు వెళ్ళి ఎంతసేపైందో చూసి తర్వాతి బస్సును వదలాలి. మధ్యలో ఆపక తప్పకపోతే ఎక్కువ మంది దిగిపోయే స్టాపులోనే ఆపాలి, కారణం కండక్టరు చెప్పాలి.