రెండుసార్లు చదివిన పుస్తకం వింటుంటే కొత్తగా ఉంది. నాకేనా?

మూడోసారి:
కాలేజీ రోజుల్లో టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రెండుసార్లు చదివాను. కథంతా నోటికొచ్చన్న ధీమాతో ఈమధ్య ఆడియోబుక్ మొదలుపెట్టాను. చేతులకి గిన్నెలు, చెవులకి కథ. పదిరోజులైనా ఇంకా మొదటి భాగంలోనే ఉన్నాను.

ఎల్‌రోండ్ సభ అధ్యాయం దగ్గర దారి తప్పాను. మాంత్రికుడు గండాల్ఫ్ తన కథ చెబుతుంటాడు, అందులో సరుమాన్ మాట్లాడతాడు, ఇంకాసేపటికి సత్రం యజమాని. ఒక్క మూకుడు తోమేలోపు నలుగురు మారిపోయారు.

ఇంకోటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అప్పట్లో పాటలన్నీ వదిలేసి చదివానని ఇప్పుడే తెలిసింది. రెండుసార్లూ! పద్యంలా విరిగిన పంక్తులు కనబడగానే పేజీ తిప్పేసేవాణ్ణి కాబోలు. ఇప్పుడు తడిచేత్తో ఫోన్ ముట్టుకోలేక టామ్ బాంబడిల్ అనే పాత్ర పాడే పాట మొత్తం విన్నాను.

నేను వింటున్నది ఆండీ సెర్కిస్ చదివింది. రాబ్ ఇంగ్లిస్‌కి మారమంటారా? అసలు మీరెలా వింటున్నారు?

చెవులపిల్లి:
నేను ఇంగ్లిస్ మనిషిని, ముందే చెప్పేస్తున్నా. ఆయనది 1990 నాటి రికార్డింగ్. పాటలు చదవడు, గొంతెత్తి పాడతాడు. మొదటి భాగం దాదాపు 19 గంటలు. సెర్కిస్ 2021లో చదివాడు, అదే భాగం 22 గంటలు దాటుతుంది. సినిమాల్లో గొల్లమ్ ఆయనే కాబట్టి ఆ పాత్ర వచ్చినప్పుడు ఇక పోటీ లేదు. కానీ సినిమా చూసినవాళ్లకి ఆ గొంతుతోపాటు ఆ మొహం కూడా వచ్చేస్తుంది. నా ఊహలో ఉన్న గొల్లమ్ వేరు, వాణ్ణి పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

సభ అధ్యాయం మాత్రం గిన్నెల దగ్గర పెట్టకండి. నడుస్తూ వినండి. స్పీడు పెంచితే ఇంకా గల్లంతు.

అనుబంధం:
పేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? నేను ఏళ్లతరబడి ఒక పాత్ర పేరు సెలెబోర్న్ అనుకున్నాను, వింటే కెలెబోర్న్! మూడో సంపుటం చివర టోల్కీన్ ఉచ్చారణ సూత్రాలు ఇచ్చాడు. కథలోని ఎల్ఫ్ జాతి పేర్లలో సి అక్షరం ఎక్కడొచ్చినా క అనే పలకాలట. ర సంగతీ అక్కడే ఉంది: ఎక్కడ వచ్చినా నాలుక ఆడించి పలకాలి, ఇంగ్లీషువాళ్లలా మింగకూడదు. అంటే మోర్డోర్ అన్న పేరులో రెండు ర లూ గట్టిగా పలికే మనం మొదట్నుంచీ కరెక్టే. ఇన్నాళ్లూ అది మన యాస అనుకున్నాను.

మూడోసారి:
చెవులపిల్లి గారూ, సభ అధ్యాయం ఇవాళ నడుస్తూ మళ్లీ మొదటినుంచి విన్నాను. గండాల్ఫ్ ఒక్కొక్కరి మాట ఒక్కోలా చెబుతున్నాడు. శామ్ వాళ్ల నాన్న సణుగుడూ, సరుమాన్ నున్నటి మాటలూ వేరువేరుగా తెలిశాయి. కళ్లతో చదివినప్పుడు నాకు అవన్నీ ఒకే గొంతులో వినబడ్డాయి.

బాంబడిల్ దగ్గర ఇంకో వింత. పాట అయిపోయి మామూలుగా మాట్లాడుతున్నాడు, నా చెయ్యి మాత్రం ఇంకా గిన్నె మీద దరువేస్తోంది. అనుమానమొచ్చి పుస్తకం తీసి చూశాను. వచనంలాగే అచ్చయింది, లోపల మాత్రం నడక ఉంది. పాడుతున్నా మాట్లాడుతున్నా ఆయనకి ఒకటే ఛందస్సు! కంటికి దొరకనిది చెవికి దొరికింది. ఈయన్ని కథకి అడ్డం అనుకుని రెండుసార్లు దాటేశాను చూడండి.

పాతటేపు:
మీరే కాదులెండి, 1981 బీబీసీ రేడియో నాటకంలో కూడా బాంబడిల్‌ని ఎత్తేశారు. అందులో ఫ్రోడో గొంతు ఇయన్ హోమ్‌ది, తర్వాత సినిమాల్లో ముసలి బిల్బో అయ్యాడే, ఆయనే. అయితే అది నాటకం, పుస్తకం మొత్తం ఉండదు.

టోల్కీన్ స్వయంగా చదివిన ముక్కలు వినండి. 1952లో, ఈ పుస్తకం అచ్చవుతుందన్న ఆశ సన్నగిల్లిన రోజుల్లో, ఒక స్నేహితుడి ఇంట్లో టేపురికార్డరు ముందు కూర్చున్నాడు. యంత్రంలో దయ్యం ఉంటే పోతుందని సరదాకి ముందు గోథిక్ భాషలో ప్రార్థన చదివాడట. తర్వాత తన పాటలు, కథలో ముక్కలు. తన గొంతు తనే విన్నాక కాస్త ధైర్యం వచ్చింది. మొదటి భాగం 1954లో వచ్చింది. ఆ టేపులు మాత్రం ఆయన పోయాక, 1975లో ఎల్పీ రికార్డులుగా వచ్చాయి.

మూడోసారి:
ఇది తెలీదు, తప్పక వింటాను. ప్రస్తుతానికి సెర్కిస్‌తోనే ఉంటాను, సగంలో గొంతు మారిస్తే మళ్లీ అందరూ కొత్తవాళ్లయిపోతారు. ఇంట్లో ఇవాళ గిన్నెలు ఎక్కువే పడ్డాయి. మోరియా దాకా వెళ్లొచ్చు.