డేనిష్‌లో మొదటి మాటలు: ‘తక్’ ఒక్కటి చాలా?

లహరి: మా వారి ఉద్యోగం మీద వచ్చే నెల డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ వెళ్తున్నాం. వెళ్ళేలోపు నేర్చుకోవలసిన నాలుగు మాటలు చెప్పండి. డేనిష్‌లో ‘ప్లీజ్’కు మాటే లేదంటున్నారు, నిజమేనా?

సైకిల్ మాస్టారు: ‘తక్’ అంటే ధన్యవాదాలు. ‘హై’ అంటే నమస్కారం, అదే రెండుసార్లు అంటే వెళ్ళొస్తాను. ‘ఒన్‌స్కుల్’ అంటే క్షమించండి. ఇవి చాలు. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. మనం తడబడేలోపే వాళ్ళే ఆంగ్లంలోకి దిగిపోతారు.

ఓడెన్సె వాణి: ‘తక్’ కాదండీ, ‘త్సక్’. త వెంట సన్నని స వినిపించాలి. లహరి గారూ, ‘ప్లీజ్’కు సరిపోయే ఒక్క మాట లేదు నిజమే, అంతమాత్రాన వాళ్ళు మొరటు మనుషులు కారు. కాఫీ కావాలంటే ‘యై విల్ గెర్న హా ఎన్ కఫె’ అంటాం. ‘గెర్న’ అంటే సంతోషంగా అని. మర్యాదంతా ఆ మాటలోనే ఉంది. మన ఇళ్ళలో మాత్రం ‘దయచేసి నీళ్ళివ్వండి’ అని ఎవరంటారు? ‘కాస్త నీళ్ళిస్తారా’ అంటాం. భోజనం కాగానే వండినవారితో ‘త్సక్ ఫొ మద్’ అనండి. ఆ చివరి ద పలికేటప్పుడు నాలుక కొన కింది పళ్ళకు ఆనాలి. మన చెవికి అది ల లాగా వినిపిస్తుంది.

సైకిల్ మాస్టారు: త్సక్ అట! ఎనిమిదేళ్ళుగా తక్ అంటున్నాను, ఎవరూ కొట్టలేదు.

ఓడెన్సె వాణి: కొట్టరు, నవ్వుకుంటారు. ‘హున్’ అంటే ఆమె. అదే మాట గొంతులో చిన్న బిగింపుతో అంటే కుక్క.

కందిపొడి: ఆవిడ అడిగింది నాలుగు మాటలు.

సైకిల్ మాస్టారు: అంకెలు కూడా నేర్పమంటారేమో! యాభైని ‘హల్‌ట్రెస్’ అంటారు, అంటే రెండున్నర ఇరవైలు. తొంభై నాలుగున్నర ఇరవైలు. దుకాణంలో ధర తెర మీద కనిపిస్తుంది, కార్డు పెడితే సరి. ఈ లెక్కలన్నీ ఎందుకు?

ఓడెన్సె వాణి: ఎందుకో చెబుతాను. ‘హల్’ అంటే సగం, ‘ట్రె’ అంటే మూడు. ‘హల్ ట్రె’కు రమ్మంటే మనకు మూడున్నర అనిపిస్తుంది. వాళ్ళకు అది రెండున్నర. వచ్చిన కొత్తలో ఒక వృద్ధాశ్రమం వాళ్ళు పని ఉందని ఫోనులో ‘హల్ ట్రె’కే రమ్మన్నారు. మూడుంబావుకే చేరి, ముందే వచ్చానని మురిసిపోతూ గుమ్మంలో నిలబడ్డాను. అక్కడి ఆవిడ గోడ గడియారం చూసి, ఎంతో మర్యాదగా, ఆంగ్లంలోనే పంపించేసింది.

సైకిల్ మాస్టారు: మళ్ళీ ఆంగ్లంలో అడిగి రూఢి చేసుకోవలసింది. పొరపాటు మీది.

ఓడెన్సె వాణి: ఆఫీసులో ఆంగ్లం నడిచే మగవాళ్ళు ఇలాగే మాట్లాడతారు. వెంట వచ్చిన ఆడవాళ్ళను ఎవరడుగుతారు? ఎనిమిదేళ్ళలో మీ ఇంటికి వచ్చిన ఉత్తరాలు ఎవరు చదివారో చెప్పండి.

సైకిల్ మాస్టారు: మా ఇంటి సంగతి మీకెందుకు?

కందిపొడి: కాస్త నిదానించండి ఇద్దరూ.

సైకిల్ మాస్టారు: సరే, చెబుతాను. మా ఆవిడే చదువుతుంది. మేము రెండేళ్ళకని వచ్చాం. ఏటా ‘వచ్చే ఏడాది హైదరాబాద్’ అనుకుంటూనే ఉన్నాం. భాష నేర్చుకుంటే ఇక్కడే ఉండిపోతామని ఒప్పుకున్నట్టే అనిపించేది నాకు. ఇప్పుడు శాశ్వత నివాసానికి రెండో స్థాయి డేనిష్ పరీక్ష పాసవ్వాలి. ఆమె పాసయింది. నేను ఇంకా పుస్తకం తెరవలేదు.

ఓడెన్సె వాణి: ఆ మాట మొదటే చెబితే ఇంత గొడవ ఉండేది కాదు. లహరి గారూ, మీరు ఎన్నాళ్ళకని వెళ్తున్నారు?

లహరి: మా వారు రెండేళ్ళనే అంటున్నారు. వాణి గారూ, ఆ కింది పళ్ళ సంగతి ఇంకోసారి చెబుతారా?