యోకోహామా పాత ఫొటోలను చరిత్ర పాఠంలో చూపించవచ్చా?

కాజీపేట టీచర్:
పిల్లలకు పాత రేవు పట్టణాల మీద ప్రాజెక్టు ఇస్తున్నాం. అందులో ఫెలీచే బియాటో ఫొటోలు పెడదామని తోటి టీచర్ అంటున్నారు. ఈయన 1863లో జపాన్ చేరి యోకోహామాలో స్టూడియో నడిపిన యూరప్ ఫొటోగ్రాఫర్. నాకైతే మనసొప్పడం లేదు. లక్నో సికందర్ బాగ్‌లో 1857 నవంబరులో యుద్ధం జరిగింది. ఈయన మరుసటి ఏడాది అక్కడికి వెళ్ళి, ఎముకలు ముందు పరిపించి ఫొటో తీశాడని చరిత్రకారులు రాశారు. మనవాళ్ళ అస్థికలతో అట్లా చేసినవాడి ఫొటోను సాక్ష్యమని పిల్లల చేతిలో ఎలా పెట్టను?

హన్మకొండ పాఠకుడు:
సార్, లక్నో మీద మీ కోపం న్యాయమే. కానీ దాని కోసం అన్నీ పక్కన పడేస్తే పిల్లలకే నష్టం. అతగోయామా గుట్ట మీది నుంచి ఆయన తీసిన ఎడో నగరం చూడండి. ఇప్పటి టోక్యో అదే. ఐదు ప్రింట్లు కలిపితే ఒక్క దృశ్యం. ప్రభువుల భవంతుల పెంకుల కప్పులు, పొడవాటి గోడలు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. ఇవి తర్వాత చాలావరకు పోయాయి. అంత ఊరిని ఎవరు సర్ది పెడతారు?

కాజీపేట టీచర్:
ఆ వీధుల్లో ఒక్క మనిషి లేడేం మరి? లక్షల మంది బతికిన ఊరది.

హన్మకొండ పాఠకుడు:
అది ఆనాటి పద్ధతి వల్ల. గాజు పలకకు కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. వెలుగు సోకడానికి కొన్ని సెకన్లు పట్టేది. కదిలే మనిషి మసకబారేవాడు, లేదా అసలే పడేవాడు కాదు. పాఠంలో ముందు ఇదే చెప్పాలి.

జనగామ అక్క:
తమ్మీ, కప్పుల సంగతి సరే, స్టూడియో బొమ్మల మాటేమిటి? సమురాయ్ అనే పాత జపాన్ యోధుల వేషం వేయించి, చేత్తో రంగులద్ది, విదేశీయులకు ఆల్బమ్‌లుగా అమ్మారు. మన స్టూడియోల్లో తాజ్‌మహల్ పరదా ముందు దిగిన ఫొటోను చూసి ఆ ఇంటివాళ్ళు ఆగ్రాలో ఉంటారనుకుంటే ఎట్లుంటది? అయితే తప్పంతా తెల్లవాడి మీదనే వేయలేం. బియాటో దగ్గర రంగులద్దిన కుసాకబె కింబేయి తర్వాత సొంత స్టూడియో పెట్టి అలాంటి బొమ్మలే అమ్మాడు. కొనేవాళ్ళు అడిగింది అది. నాగసాకిలో ఉఎనో హికోమా 1862లోనే స్టూడియో తెరిచాడు. జపాన్ వాళ్ళు తీసిన ఫొటోలు కూడా పక్కన పెట్టండి సార్.

కాజీపేట టీచర్:
అక్కా, హికోమా ఫొటోలు తప్పక పెడతా. అతగోయామా కూడా ఒప్పుకుంటా. సమురాయ్ బొమ్మలు మాత్రం సికందర్ బాగ్ ఫొటో పక్కనే పెడతా. ఎవరి కోసం తీశారు, ఎవరు కొన్నారు అని రెండింటి కింద రాయించాకే క్లాసులో చూపిస్తా.

హన్మకొండ పాఠకుడు:
రెండూ ఒక గాటన కట్టడం నాకు ఇప్పటికీ నచ్చలేదు సార్. డబ్బు తీసుకుని వేషం వేసుకున్నవాడు వేరు, అడిగే గొంతు లేని చచ్చినవాడు వేరు.