భయభక్తులు కుదిరాయి, చిక్కంతా కొవ్వు దగ్గరే

సామెతల గ్రంథం 1:7 తెలుగు బైబిల్లో ఇలా ఉంటుంది: "యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము, మూర్ఖులు జ్ఞానమును ఉపదేశమును తిరస్కరించుదురు." భయం, తెలివి, మూర్ఖత్వం మూడూ ఒక్క వచనంలోనే ఉన్నాయి. ఇలాంటి మాటలు హీబ్రూ నుంచి తెలుగులోకి ఎంత బాగా వచ్చాయన్నదే ఇక్కడ నా విషయం. హీబ్రూ మూలంలో ఉన్నది భయం ఒక్కటే కదా, భక్తిని అనువాదకులు తమంతట తాము కలిపారా అని కొందరు అడిగారు. కలిపారు. కలిపి మంచి పని చేశారని నా అభిప్రాయం.

హీబ్రూలో అక్కడున్న మాట 'యిర్ఆ'. సింహం గర్జిస్తే పుట్టే భయానికీ (ఆమోసు 3:8) అదే ధాతువు, దేవుడి ముందు ఒదిగి ఉండడానికీ అదే. లేవీయకాండం 19:3లో కన్నవాళ్ల విషయంలోనూ అదే క్రియ వస్తుంది. అక్కడ తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత. తెలుగులో ఆ చోట "భయపడవలెను" అనే ఉంచారు. సామెతల వచనానికి తమిళం కూడా "కర్తరుక్కు పయప్పడుదలే జ్ఞానత్తిన్ ఆరంభం" అని భయంతోనే సరిపెట్టింది.

తెలుగులో భయం ఒక్కటే అయినా దాని పక్కన చేరే క్రియని బట్టి రకం మారిపోతుంది. చీకట్లో ఏదో కదిలితే "భయమేసింది" అంటాం. చలి వేసినట్టు, ఆకలి వేసినట్టు అది దానంతట అదే వచ్చి పడుతుంది, మన చేతిలో ఏమీ ఉండదు. "భయపడ్డాను" అంటే అందులో నా పాత్ర కూడా కొంత ఉంది, అందుకే ఎదుటివాళ్లు "భయపడకు" అని చెప్పగలుగుతారు. ఇక "పిల్లలకి కాస్త భయం ఉండాలి" అని పెద్దవాళ్లు అనేటప్పుడు పిల్లలు వణికిపోవాలని వాళ్ల ఉద్దేశం కానే కాదు. హద్దు తెలిసి మసలుకోవాలని. సామెతల్లో చెప్పిన భయం ఈ మూడో రకం. "కలిగియుండుట" అన్న క్రియ దాన్ని సరిగ్గా పట్టుకుంది. గురువు దగ్గరా గుళ్లోనూ మనం ఎప్పుడూ వాడుకునే జంట మాట 'భయభక్తులు' దొరికాక ఇంక వేరే వివరణ అక్కర్లేదు. బెదురు, జంకు, వెరపు, హడలు, దడుపు, గుబులు అంటూ మనకి ఎన్ని మాటలున్నా వాటిలో ఏదీ ఆ పని చేయదు. గుబులు లోపల్లోపల ఉండేది, జంకు అడుగు ముందుకు వేయనివ్వనిది, దడుపు చిన్నపిల్లలకి జ్వరం తెప్పించేది. దేనికదే గట్టి మాట, ఆ చోటికి మాత్రం నప్పదు.

తెలివి సంగతి కొంచెం వేరు. ఇవాళ తెలివి అనగానే పరీక్షలో మార్కులూ, అవతలివాడి "అతి తెలివీ" గుర్తొస్తాయి. స్పృహ అన్న అర్థం "తెలివి తప్పింది", "తెలివొచ్చింది" అనే మాటల్లో ఇంకా బతికే ఉంది. హీబ్రూ 'దఅత్' అంటే తెలుసుకోవడం, ఎరుగుట. 'తెలియు' నుంచి వచ్చిన మాటగా చూస్తే తెలివి సరైనదే, వాడుకే పక్కకి జరిగింది. "గా ముచ్చట నాకెరుకే" అని ఇప్పటికీ అనే తెలంగాణ వాళ్లకి "ఎరుకకు మూలము" అంటే ఇంకా సూటిగా తగులుతుందేమో. 'మూలము' మాత్రం చక్కగా అమరింది. హీబ్రూ 'రేషీత్'కి మొదలు అనీ, ముఖ్యమైనది అనీ రెండర్థాలున్నాయి. మన మూలం ఆ రెండింటికీ సరిపోతుంది.

ఇక మూర్ఖత్వానికి దగ్గరి మాట మందబుద్ధి, నాకు నిజంగా అడ్డుపడేది అక్కడే. యెషయా 6:10 చూడండి: "ఈ జనుల హృదయము క్రొవ్వచేసి వారి చెవులు మందపరచి వారి కన్నులు మూయించుము." చెవుల సంగతి బాగుంది, "ఆయనకి చెవి మందం" అని ఇంట్లో అనుకునే మాటే. కానీ "హృదయము క్రొవ్వచేసి" అని విన్న తెలుగువాడికి ఏం తోస్తుంది? పెట్టిన అన్నం వద్దని పళ్లెం తోసేసే పిల్లాణ్ణి తల్లి "కొవ్వెక్కిందిరా నీకు" అంటుంది. ఎదురు సమాధానం చెప్పేవాడికి "కొవ్వెక్కువ", గొడవకి దిగేవాడికి "ఒళ్లు కొవ్వెక్కింది". మన భాషలో కొవ్వు అంటే పొగరు. అక్కడ దేవుడు ప్రవక్తతో చెబుతున్నది వాళ్ల పొగరు గురించి కాదు, చెప్పింది లోపలికి ఎక్కని స్థితి గురించి. హీబ్రూ క్రియ 'షెమెన్' అనే మాటకి సంబంధించినది, అంటే నూనె, కొవ్వు. హీబ్రూలో హృదయం ఆలోచనకి కూడా చోటు, దాని చుట్టూ కొవ్వు పేరుకుంటే మాట లోపలికి దిగదు. పాత గ్రీకు అనువాదం దాన్ని "మందమైపోయింది" అనే అర్థం వచ్చే క్రియతో చెప్పింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు 'ఫ్యాట్' అనే ఉంచింది, తర్వాత వచ్చిన కొన్ని ఇంగ్లీషు అనువాదాలు 'డల్'కి మారాయి. ఆ డల్‌ని నమ్ముకుని తెలుగు చేద్దామన్నా కుదరదు. "ఏంటి, డల్‌గా ఉన్నావు?" అంటే మనకి మనసు బాగోలేదా, టెన్షన్‌లో ఉన్నావా అని అడిగినట్టు.

అదే ధాతువు ద్వితీయోపదేశకాండం 32:15లో వస్తే మాత్రం తెలుగు అద్భుతంగా పలికింది: "యెషూరూను క్రొవ్వినవాడై కాలు జాడించెను." యెషూరూను అంటే ఇశ్రాయేలు ప్రజలకి మరో పేరు. అక్కడ విషయమే తిని బలిసి తిరగబడడం. మేత ఎక్కువైన ఎద్దు కాలు విసిరిన దృశ్యం కళ్లకి కడుతుంది, కొవ్వుకి మన ఇళ్లలో ఉన్న అర్థమూ దానికి సరిగ్గా అతుకుతుంది. ద్వితీయోపదేశంలో ప్రాణం పోసిన మాటే యెషయాలో దారి తప్పించింది.

దీనికి విరుగుడు అదే బైబిల్లో ఉంది. కీర్తన 119:70: "వారి హృదయము క్రొవ్వువలె మందముగా ఉన్నది." మూలంలోని కొవ్వు పోలిక పోలేదు, పక్కన 'మందము' చేరేసరికి పొగరు అన్న అర్థం తప్పుకుంది. భయం పక్కన భక్తి చేసిన పనే ఇక్కడ కొవ్వు పక్కన మందం చేసింది. యెషయాలోనూ ఇలాగే రాసి ఉండాల్సింది.

కొవ్వుని పూర్తిగా వదిలేసి కొత్తగా రాయాల్సి వస్తే నా ఓటు 'మొద్దుబారు'కి. "తిట్లు తిని తిని మొద్దుబారిపోయాడు" అంటాం కదా, ఎంత చెప్పినా తగలకపోవడం అందులో ఉంది, ప్రవక్త గోడు కూడా అదే. కత్తికి వాడుతాం, బుర్రకి వాడుతాం, మనసుకీ వాడుతాం. "బండబారు" నాకు నచ్చదు, అందులో జాలి లేకపోవడం ఎక్కువ, అర్థం కాకపోవడం తక్కువ. 'జడత్వం' అంటే ఫిజిక్స్ క్లాసులో కూర్చున్నట్టుంటుంది. "మనసు మొద్దుబారింది" అంటే దుఃఖంతో స్పందన పోయిందనే అర్థమే ముందు వస్తుందని కొందరు అనవచ్చు, ఆ అభ్యంతరంలో బలం ఉంది. "ఈ జనుల బుద్ధి మొద్దుబార్చి" అంటే ఆ ఇబ్బంది తీరుతుంది, కానీ హృదయం అన్న మాట పోతుంది, అదే వచనంలో ఉన్న "హృదయముతో గ్రహించి"తో లంకె తెగుతుంది. ఆ లంకె తెగకుండా, పొగరు అనిపించకుండా రాయగల మాట ఉత్తరాంధ్రలో గానీ, సీమలో గానీ, పాలమూరు వైపు గానీ వాడుకలో ఉంటే, ఏ సందర్భంలో వాడతారో ఒక వాక్యంతో సహా కింద రాయండి.