పానగల్లు రోడ్డు కాలనీల చరిత్ర: పెద్దలు చెప్పే జ్ఞాపకాలకు ఏండ్లు ఎట్ల కట్టాలె?

నీలగిరి వాసి (ప్రశ్న)

నల్లగొండలో పానగల్లు రోడ్డు వెంట ఉన్న కాలనీల వాళ్లం కలిసి మా ప్రాంతం చరిత్రను చిన్న పుస్తకంగా తేవాలనుకుంటున్నాం. ఛాయా సోమేశ్వరాలయం గురించి, పచ్చల సోమేశ్వరాలయం గురించి, కందూరు చోళుల గురించి చదువుకోవడానికి చాలానే ఉంది. గత డెబ్బై ఎనభై ఏండ్లలో ఈ పొలాలు ఎప్పుడు ప్లాట్లయినయి, నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నరు, మొదటి ఇండ్లు ఎవరు కట్టుకున్నరు అనేది మాత్రం పెద్దవాళ్ల నోట్లోనే ఉంది. వాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలని ఆత్రం.

చిక్కంతా ఏండ్ల దగ్గరే. వీధికి కరెంటు ఎప్పుడు వచ్చిందంటే ఒకరు 1965 అంటరు, ఇంకొకరు 1980 అంటరు. ఊరబావి ఎక్కడుండేదంటే ఇద్దరు రెండు చోట్లు చూపిస్తున్నరు. ఏం అడిగితే సరైన జవాబు వస్తది? ఏ కాగితాలతో సరిచూసుకోవాలి, అవి ఎక్కడ దొరుకుతయి? పాత ఇల్లు చూసి కాలం చెప్పొచ్చా?

ఉదయసముద్రం

అన్నా, ముందుగాల సంవత్సరం అడుగుడు బంద్ చెయ్యిండ్రి. ఏ సంవత్సరం అంటే పెద్దమనిషి మర్యాదకు ఏదో ఒకటి చెప్తడు. అది 1960, 70, 80 అని సున్నా మీదనే ఆగుతది. ముందా, వెనకా అని అడగాలె. దానికి అందరికీ యాదికుండే గుర్తులు కావాలె. మన దిక్కు పనికొచ్చేటివి ఇవి: 1948 సెప్టెంబరుల పోలీసు చర్య, 1967 ఆగస్టుల సాగర్ కాల్వలకు నీళ్లిడిసింది, 1969 ఉద్యమం, ఎమర్జెన్సీ, 1979 జులైల స్కైలాబ్ మీద పడ్తదన్న భయం, 1980 ఫిబ్రవరి 16న పట్టపగలు చీకటైన సూర్యగ్రహణం, 1984 జనవరిల పటేల్ పట్వారీలు పోయింది, 1985 మేల తాలూకాలు పోయి మండలాలొచ్చింది. "గ్రహణం నాటికి ఇంట్ల కరెంటు బుగ్గ ఉండెనా?" అంటే ఉండె, లేకుండె అని ఖచ్చితంగ చెప్తరు. అట్ల ముందొకటి, వెనకొకటి గుర్తు పెడితే పదేండ్ల సందు నాలుగేండ్లకు దిగుతది. స్కైలాబ్‌కు, గ్రహణానికి నడుమ ఏడు నెలలే. ఆ రెంటి నడుమ పడ్డ సంగతి దొరికిందంటే నెలతో సహా రాయొచ్చు.

ఇంటి గుర్తులు ఇంకా గట్టిగుంటయి. పెద్ద కొడుకు పుట్టినప్పుడా, బిడ్డ పెండ్లప్పుడా అని అడిగి, ఆ కొడుకు టెన్త్ మెమో చూస్తే ఏడాది దొరుకుతది. మెమోల పుట్టిన తేదీ బడిల రాయించింది గాబట్టి ఒక ఏడాది అటుఇటు ఉండొచ్చు, అది మనసుల పెట్టుకోవాలె.

ఆడోళ్లను విడిగ, వాళ్ల ఇంట్లనే కూసోబెట్టి అడుగుండ్రి. నీళ్లు మోసింది వాళ్లే. ఏ చేదబావిది తాగేది, ఏ బావి నీళ్లల్ల పప్పు ఉడకకపోయేది, బోరింగు కాడ ఎన్ని బిందెల వరుస ఉండేది, ఇవన్ని వాళ్లకే తెలుసు. ఒక్క మాట జాగ్రత్త: "నీళ్లు తియ్యగనే ఉండె" అన్నరని ఆ బావిల ఫ్లోరైడ్ లేదని రాయొద్దు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు. పప్పు ఉడకకపోవుడు నీళ్ల గట్టిదనానిది (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుండుడు), ఫ్లోరైడ్‌ది కాదు. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది నియమం. అది పరీక్షల తేలాలె గని నాలుకతోని తేలదు.

"కృష్ణ నీళ్లు ఎప్పుడొచ్చినయి" అన్న ప్రశ్నకు జవాబులు కలవకపోతే ఎవ్వరూ తప్పు చెప్తున్నట్టు కాదు. ఒకరికి ట్యాంకర్ వచ్చిన రోజు, ఇంకొకరికి వీధి నల్లా పెట్టిన రోజు, మూడోవాళ్లకు ఇంట్ల కనెక్షన్ ఇచ్చిన రోజు. మూడు ప్రశ్నలుగ విడగొట్టి అడగాలె. కరెంటు గూడ అంతే: వీధి బుగ్గ, పొలంల మోటరు, ఇంట్ల మీటరు. మీ 1965, 1980 రెండూ నిజమే కావొచ్చు.

పానగల్లు చెరువు, అంటే ఉదయసముద్రం, ఎండిన యాది చెప్తే వదలొద్దు. సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి కాడ ఎత్తిపోసి ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాల్వతోని ఉదయసముద్రం నింపుడు మొదలైనంక చెరువు తీరే మారింది. అంతకు ముందు వానే దిక్కు. చెరువుల క్రికెట్ ఆడినం, దోసకాయలు పెట్టినం అంటే అది ఎక్కువకెక్కువ కాల్వకు ముందటి ముచ్చట.

పాత పహాణీ

కాగితాల సంగతి చెప్తాను సార్. ముందు మీ కాలనీ ఏ సర్వే నంబర్లలో ఉందో రాసుకోండి. ఎవరి రిజిస్ట్రీ దస్తావేజు చూసినా షెడ్యూల్‌లో ఉంటుంది. అది లేకుండా ఏ ఆఫీసుకు పోయినా ఉత్త చేతులతో తిరిగి రావాల్సిందే.

సర్వే నంబరు దొరికాక మూడు చూడాలి. నిజాం కాలపు తొలి సర్వేలో తయారైన సేత్వార్ (సర్వే నంబర్ల వారీ భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాత ఏటా రాసిన పహాణీలు (భూమి ఎవరిది, ఏ పంట అని రాసే రెవెన్యూ రికార్డు). పహాణీలో పట్టాదారు పేరు ఒక్కటే చూసి పక్కన పెట్టేస్తారు చాలామంది. మీకు కావలసింది మిగతా గడులు: భూమి ఖుష్కీనా (మెట్ట), తరినా (మాగాణి), నీటి ఆధారం బావా చెరువా, ఆ ఏడు ఏ పంట. వరుసగా వరి రాస్తూ వచ్చిన నంబరులో ఒక ఏడు నుంచి పడావు (సాగు లేకుండా బీడు) అని పడటం మొదలైందంటే అమ్మకాలకు కాస్త ముందటి కాలం అయ్యే అవకాశం ఎక్కువ. కరువు ఏడు కూడా పడావు రాస్తారు కాబట్టి చుట్టుపక్కల నంబర్లతో పోల్చాలి. అన్నీ పడావు అయితే కరువు, మీ నంబరు ఒక్కటే అయితే అమ్మకం.

పహాణీతో ఎవరు ఎక్కడ కాపురం ఉన్నారో తేలదు. పాత ఊరి ఇండ్లు ఆబాదీలో, అంటే గ్రామకంఠంలో ఉంటాయి. అక్కడ ఇంటింటికీ పట్టా ఉండదు. దానికి పాత గ్రామపంచాయతీ ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టరు కావాలి. ఊరు మున్సిపాలిటీలో కలిసినప్పుడు ఇంటి నంబర్లు మారతాయి. పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్న రసీదు ఏ ఇంట్లోనైనా ఒక్కటి దొరికినా వీధి మొత్తానికి తాళంచెవి దొరికినట్టే.

వెంచర్ కాలం తేల్చడానికి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చాలు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి కనిపిస్తుంది. అంతకు ముందటిది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి చేతితో వెతికించుకోవాలి. ఒకే సర్వే నంబరులో ఎకరాల లెక్కన నడిచిన అమ్మకాలు గజాల లెక్కకు మారిన ఏడాదే మీ కాలనీ పుట్టిన ఏడాది. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. దస్తావేజుల్లో విస్తీర్ణాలన్నీ కూడితే రోడ్లకు, పార్కుకు ఎంత వదిలారో కూడా బయటపడుతుంది. హద్దులు తప్పక చదవండి. "ఉత్తరం: బండ్ల బాట", "పడమర: పాటుకాల్వ" అని ఉన్న చోట ఇవాళ ఏముందో చూసి రాస్తే పుస్తకానికి ప్రాణం వస్తుంది.

అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "మా కాలనీ చరిత్ర ఇవ్వండి" అని రాస్తే తిప్పి పంపుతారు. సర్వే నంబరు, సంవత్సరం, రికార్డు పేరు రాసి ధ్రువీకరించిన నకలు అడగండి.

గూనపెంక

ఇల్లు చూసి కాలం చెప్పొచ్చు గానీ ఒక్క వస్తువు చూసి చెప్పొద్దు. ముందు గోడ మందం కొలవండి. మట్టితో కట్టిన రాతిగోడ అడుగున్నర నుంచి రెండడుగులు ఉంటుంది. సిమెంటు ఇటుక గోడ తొమ్మిది అంగుళాలే. పూత రాలిన మూల చూసి మేకుతో గీకండి: మట్టి అయితే పొడిగా రాలుతుంది, డంగు సున్నం తెల్లగా గట్టిగా ఉండి లోపల ఇసుక పలుకులు కనిపిస్తాయి, సిమెంటు బూడిద రంగు.

పైకప్పులో గూనపెంక అన్నిటికన్నా పాతది, తర్వాత బెంగళూరు పెంక, ఆ తర్వాత రేకులు, స్లాబు. బెంగళూరు పెంకను ఒకటి దించి అడుగు భాగం తుడిచి చూడండి. కార్ఖానా పేరు, ఊరు ముద్ర పోసి ఉంటుంది. ఫోటో తీసేటప్పుడు వెలుతురు పక్క నుంచి పడాలి, ఎదురుగా పడితే అక్షరాలు కనిపించవు. లోపల శాబాదు బండలు ఉన్నాయా, మొజాయిక్ ఉందా, గోడ మీద చెక్క పట్టీలపై తీగ పోయిందా, గోడలోపలే పోయిందా చూడండి. చెక్క పట్టీల వైరింగ్ ఉందంటే కరెంటు ఆ ఇంటికి తర్వాత వచ్చిందనో, లేదా పాత కాలంలోనే వచ్చిందనో అర్థం. గోడ మట్టిదైతే మొదటిది, సిమెంటుదైతే రెండోది.

ఎక్కువ మంది మోసపోయేది తలుపుల దగ్గర. టేకు దర్వాజలు, దూలాలు పాత ఇల్లు కూల్చినప్పుడు కొనుక్కొచ్చి కొత్త ఇంట్లో పెట్టడం మన దగ్గర మామూలే. దూలానికి పనిలేని చోట పాత తొలుపులు, మేకుల బొక్కలు కనిపిస్తే అది వేరే ఇంటి నుంచి వచ్చిందే. కాలం గోడను, పునాదిని బట్టి కట్టండి, దర్వాజను బట్టి కాదు. కరెంటు బిల్లు మీద సర్వీస్ నంబరు కూడా రాసుకోండి. ఒకే వీధిలో నంబరు ఎంత చిన్నదైతే కనెక్షన్ అంత ముందుది. తేదీ చెప్పదు గానీ వరుస చెప్తుంది.

నీలగిరి వాసి

అందరికీ దండాలు. ఒక ఇంట్లో ఉర్దూ అమ్మకం కాగితం బయటపడింది. సంవత్సరం 1367 అని ఉంది. చదివి పెట్టినాయన 1957-58 అంటున్నరు. ధర రూపాయల్లోనే ఉంది గానీ పక్కన ఇంకేదో మాట ఉంది. ఊరబావి చిక్కు కూడా తెగలేదు.

పాత పహాణీ

1367 ఫసలీ (భూమి శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) అయితేనే 1957-58. హిజ్రీ అయితే 1947 నవంబరు నుంచి 1948 నవంబరు దాకా. రెంటికీ పదేండ్ల తేడా, నడుమ పోలీసు చర్య ఉంది, కాబట్టి కథే మారిపోతుంది. నెల పేరు చూడండి. ఆజూర్, దై, బహమన్, ఖుర్దాద్, తీర్ లాంటివి ఫసలీ నెలలు. ముహర్రం, సఫర్, రజబ్, షాబాన్ ఉంటే హిజ్రీ. నిజాం కాలంలో ఫసలీ ఏడాది ఆజూర్‌తో, అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. అందుకని డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. తర్వాతి కాలపు పహాణీల్లో ఫసలీ జులై 1న మొదలవుతుంది, అక్కడ లెక్క మళ్లీ మారుతుంది.

ధర పక్కన ఉన్న మాట హాలీ గానీ, సిక్కా గానీ అయి ఉంటుంది. అది నిజాం నాణెం. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు సమానం. పుస్తకంలో ధర అచ్చు వేసేటప్పుడు ఏ రూపాయో రాయకపోతే పోలికలన్నీ తప్పుతాయి. స్టాంపు కాగితం కూడా చూడండి, నిజాం సర్కారు స్టాంపా, భారత ప్రభుత్వ స్టాంపా అన్నది తేదీకి రెండో సాక్ష్యం.

మర్రిగూడ బైపాస్

బావికి గ్రామ నక్షా తెచ్చుకోండి. సర్వే నక్షాలో బావులు, బండ్ల బాటలు, వాగులు, చెరువు శిఖం (చెరువు లోపలి భూమి) అన్నీ గుర్తులతో ఉంటాయి. దాన్ని స్కాన్ చేసి గూగుల్ ఎర్త్ ప్రో మీద ఇమేజ్ ఓవర్‌లేగా పరవండి. కుదర్చడానికి మూలలు వెతకొద్దు, మారని వాటిని పట్టుకోండి: పానగల్లు గుళ్లు, చెరువు కట్ట, మూడూళ్ల పొలిమేర రాయి. కనీసం మూడు, అవి కూడా ఒకదానికొకటి దూరంగా ఉండాలి. రోడ్డును ఆధారం చేసుకుంటే తప్పుతుంది. వెడల్పు చేసినప్పుడు రోడ్డు ఒక పక్కకు జరుగుతుంది, నక్షాలో పాత గీతే ఉంటుంది. కాగితం మడతల దగ్గర సాగి ఉంటుంది కనుక అక్కడ కొన్ని గజాలు అటుఇటు అవుతాయి.

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీటు కూడా చూడండి. నల్లగొండ 56-ఓ/8లో ఉంటుంది, పట్టణానికి పడమటి పక్క 56-ఓ/4లోకి పోతుంది. షీటు కింద సర్వే చేసిన ఏడాది, అచ్చు వేసిన ఏడాది వేరువేరుగా రాసి ఉంటాయి. మీకు కావలసింది సర్వే ఏడాది.

గూగుల్ ఎర్త్ ప్రోలో గడియారం బొమ్మ నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాలు వరుసగా వస్తాయి. ఎండాకాలపు చిత్రాలు ఎంచుకోండి. పచ్చదనం లేనప్పుడు పూడ్చిన బావి గుండ్రటి మచ్చగా, పాత కాల్వ ముదురు గీతగా కనిపిస్తుంది. ప్లాట్ల హద్దురాళ్లు కనిపించవు గానీ గ్రేడర్‌తో తీసిన మట్టి రోడ్లు తెల్లగా గళ్లు కట్టినట్టు తేలుతాయి.

ఇద్దరు రెండు చోట్లు చూపిస్తే రెండు బావులు ఉండొచ్చు, ఒకటి తాగేది, ఒకటి మోట కొట్టేది. గిరక ఉండేదా, ఎద్దులు దిగే బాట ఉండేదా అని అడగండి. ఒరలో రాయి మిగిలి ఉంటే వేలితో తడమండి. చేదతాడు ఒరిసిన గాడి సన్నగా, నున్నగా పడి ఉంటుంది. అది చేదబావి రాయే.

ఉదయసముద్రం

ఒక సంగతి మరిచిన. జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు సెన్సస్ వెబ్‌సైట్ల స్కాన్ చేసి పెట్టిండ్రు. ఊరి వారీగ బడి, కరెంటు, తాగునీటి ఆధారం ఏమున్నదో పట్టికల ఉంటది. 1961ల లేనిది 1971ల ఉంటే పదేండ్ల సందు దొరికినట్టే. ఊరు పట్టణంల కలిసినంక గ్రామాల పట్టికల పేరు కనబడదు, పట్టణం పట్టికల వెతకాలె. పాత సర్కారు బడి అడ్మిషన్ రిజిస్టరు మొదటి పేజీ గూడ చూడుండ్రి, అప్పట్ల గూడేలకు, బస్తీలకు ఏ పేర్లుండెనో అండ్ల దొరుకుతయి. పాత ఉత్తరాల మీద 508001 అని పిన్ ఉంటే అది 1972 ఆగస్టు తర్వాతిది.

రికార్డింగు ఫోన్ల పెట్టి వదిలెయ్యకుండ అదే రోజు రెండు చోట్ల దాచుండ్రి. ఫైలుకు మనిషి పేరు, వీధి, తేదీ పెట్టాలె. భూముల తగాదాలు, ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డరు అన్నటివి అచ్చుకు ముందు చెప్పినాయనకు చదివి వినిపించి, ఒద్దంటే తీసెయ్యిండ్రి. చదివి వినిపించేటప్పుడు పక్కన ఇంకో పెద్దమనిషిని కూసోబెడితే సగం తప్పులు అక్కడనే దిద్దుకుంటరు, కొత్త సంగతులు గూడ బయటికొస్తయి, రికార్డర్ ఆన్ చేసే ఉంచుండ్రి.