నెమ్మదించిన డెస్క్‌టాప్: రీసెట్ సరిపోతుందా, డిస్క్ మార్చాల్సిందేనా?

సీతమ్మధార_రిటర్న్స్
అందరికీ నమస్కారం. ట్యాక్స్ ఆఫీసు మెషీన్ ఇది. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. టాలీ (లెక్కల ప్రోగ్రామ్) తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంటోంది. కొన్నప్పటి స్థితికి రీసెట్ చేద్దామనుకుంటున్నాం. తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ కూడా ఇందులోనే ఉన్నాయి. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే అన్నీ మిగులుతాయా?

డాబాగార్డెన్స్_బెంచ్
ఇప్పుడే రీసెట్ జోలికి వెళ్లకండి. ముందు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి 05, సీ5, సీ6, సీ7 వరసల్లో రా విలువలు ఇక్కడ పెట్టండి. సీ5 సున్నా కాకపోతే డిస్క్ కొన్ని సెక్టార్లు (డేటా ఉండే చిన్న గడులు) చదవలేక తంటాలు పడుతోందని అర్థం. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ బాగానే ఉండొచ్చు, దాన్ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడాలి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ మీద నొక్కితే యావరేజ్ రెస్పాన్స్ టైమ్ కనిపిస్తుంది. పెద్దగా పనేమీ లేనప్పుడు కూడా అది వందల మిల్లీసెకన్లలో ఉందంటే, విండోస్‌ని ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఫలితం ఉండదు.

అక్కయ్యపాలెం_అడ్మిన్
ఇక షురూ. ఎవరు ఏమడిగినా షాపువాళ్ల నోట వచ్చేది ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) మాటే. రీసెట్‌కి రూపాయి ఖర్చు లేదు. సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, రికవరీ, రీసెట్ దిస్ పీసీ, కీప్ మై ఫైల్స్. తర్వాత క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకోండి, సుమారు 4 జీబీ డేటా పడుతుంది. లోకల్ రీఇన్‌స్టాల్ అయితే ఉన్న ఫైళ్లతోనే మళ్లీ కడుతుంది, అవే పాడై ఉంటే మధ్యలో ఆగిపోతుంది. రికవరీ ఎన్విరాన్‌మెంట్ (రీసెట్‌ని నడిపే విండోస్ భాగం) దొరకలేదని వస్తే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో రీఏజెంట్‌సీ /ఇన్ఫో కొట్టి చూడండి. డిజేబుల్డ్ అని ఉంటే రీఏజెంట్‌సీ /ఎనేబుల్.

ఇంకో జాగ్రత్త. బ్రాండెడ్ పీసీ అయితే ఆన్ అవుతుండగా ఎఫ్11 నొక్కమనో, ఆల్ట్+ఎఫ్10 నొక్కమనో ఎవరైనా చెప్తారు. పాత మెషీన్లలో అది కంపెనీ రికవరీ పార్టిషన్ నుంచి కొన్ననాటి విండోస్‌నే తెచ్చి పెడుతుంది. ఆ తర్వాత ఇన్నేళ్ల అప్‌డేట్లూ మొదటి నుంచి దించుకోవాలి. విండోస్ లోపలి రీసెట్ అయితే ఇప్పుడున్న 22హెచ్2 వెర్షన్‌లోనే ఉంచుతుంది.

ఎంవీపీ_కెరటం
యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే ‘రీసెట్ చేయడంలో సమస్య వచ్చింది, మార్పులేమీ చేయలేదు’ అన్న సందేశం ఒకటే మిగులుతుంది. ఒక్కోసారి విండోస్‌లోకే వెళ్లదు.

డాబాగార్డెన్స్_బెంచ్
అడ్మిన్ గారూ, క్లౌడ్ నుంచి దించినా రాసేది ఆ డిస్క్ మీదే కదా? చెడిపోతున్న డిస్క్ మీద కొన్ని గంటలపాటు చదవడం, రాయడం చేయిస్తున్నారు. ఉన్న డేటా కూడా అందులోనే పోవచ్చు. అందుకే ముందు సీ5 చూడమంటున్నాను.

అక్కయ్యపాలెం_అడ్మిన్
కీప్ మై ఫైల్స్‌లో డాక్యుమెంట్లు పోవు. పోతాయని భయపెట్టకండి.

గాజువాక_డీటీపీ
డాక్యుమెంట్లు పోవు సరే, ప్రోగ్రాములన్నీ పోతాయి. పోయినవాటి జాబితా ఒక ఫైలుగా డెస్క్‌టాప్ మీద పెడుతుంది, అంతే. విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో మనం వేసుకున్న ఫాంట్లు కూడా పోతాయి. అను ఫాంట్ లేకపోతే పేజ్‌మేకర్ ఫైల్లో తెలుగు ఒక్క ముక్క కనబడదు, ఇంగ్లీషు అక్షరాల గజిబిజి మిగులుతుంది. అది ఏ మెషీన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ కాదు కదా. మా మెషీన్‌ని ఒక షాపులో చెప్పాపెట్టకుండా ఫార్మాట్ కొట్టేశారు. అడిగితే ‘ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి కదండీ’ అన్నారు. ఫైళ్లుంటే ఏటి లాభం, తెరిచే దారి లేకపోయాక?

సీతమ్మధార_రిటర్న్స్
రీడింగ్ తీశాం. 05: 0. సీ5: 18. సీ6: 18. సీ7: 0. 18 అంటే తక్కువేనా?

డాబాగార్డెన్స్_బెంచ్
ఆ ప్రోగ్రామ్ రా విలువల్ని మామూలుగా హెక్సాలో (పదికి బదులు పదహారు ఆధారంగా) చూపిస్తుంది. ఫంక్షన్, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌లో 10 డెసిమల్ పెడితే అసలు అంకె కనబడుతుంది. మీ 18 అంటే 24. ఇరవై నాలుగు సెక్టార్లు చదవడం కుదరక వాయిదాలో పడ్డాయి. ఇవాళే టాలీ డేటా ఫోల్డర్, అవుట్‌లుక్ పీఎస్‌టీ (మెయిళ్ల ఫైలు), డెస్క్‌టాప్, అను ఫాంట్లు బయటి డ్రైవ్‌లోకి తీసుకోండి. సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ బయట ఏముందో కూడా చూడండి, పాత టాలీ డేటా తరచూ అక్కడే ఉంటుంది. కాపీ పూర్తవకుండా చెక్‌డిస్క్ /ఆర్ నడపొద్దు. అది డిస్క్‌ అంతా గాలించి దాన్ని ఇంకా అలసగొడుతుంది.

అక్కయ్యపాలెం_అడ్మిన్
సరే, ఈ డిస్క్ పనికిరాదు, ఒప్పుకుంటాను. కానీ ఆరో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది. ఇలాంటి మెషీన్ మీద డబ్బు పెట్టించడం న్యాయమేనా?

డాబాగార్డెన్స్_బెంచ్
ఎస్‌ఎస్‌డీ రేపు కొత్త మెషీన్‌లోకి కూడా పనికొస్తుంది. ర్యామ్ పెంచే విషయంలోనే తొందరపడొద్దు. ఆరో తరం బోర్డుల్లో కొన్ని డీడీఆర్3ఎల్, కొన్ని డీడీఆర్4 తీసుకుంటాయి. సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ చూశాకే కొనండి. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ శుభ్రంగా వేయాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మీడియా క్రియేషన్ టూల్‌తో చేసుకోవచ్చు. కీ అడిగితే ‘నా దగ్గర లేదు’ అని నొక్కండి, లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. ఎడిషన్ మాత్రం అదే ఉండాలి. ఇప్పుడు హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఉండి మీరు ప్రో వేస్తే యాక్టివేట్ కాదు.

గాజువాక_డీటీపీ
అదుగో, మళ్లీ శుభ్రంగా వేయడమే! రీసెట్ అన్నా ఫ్రెష్ అన్నా మీ ఇద్దరి మాటా ఒకటే. విండోస్ కొత్తగా ఉంటే చాలనుకుంటారు. టాలీ లైసెన్స్ ముందు సరెండర్ చేయాలని (పాత ఇన్‌స్టాలేషన్ నుంచి విడిపించాలని) ఎవరైనా చెప్పారా? డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ డ్రైవర్, ప్రింటర్, అను కీబోర్డు, ఇవన్నీ మళ్లీ కూర్చుని వేసేదెవరు? షాపులో గంట పని, ఆఫీసులో వారం పని. పాత డిస్క్‌ని యథాతథంగా ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేస్తే ఒక్కటీ పోదు.

డాబాగార్డెన్స్_బెంచ్
క్లోన్ చేస్తే ఆ 24 సెక్టార్లలో ఏ ఫైలు ఉందో ఎవరికి తెలుసు? మామూలు క్లోన్ ప్రోగ్రామ్ అక్కడికి వచ్చి ఆగిపోతుంది, లేదా చదవలేని చోటు వదిలేసి ముందుకెళ్తుంది. రేపు బ్యాలెన్స్ షీట్ తెరుచుకోకపోతే ఆ మాట పడేది మేమే. కస్టమర్‌కి కోపం వస్తుందని చెడిన ఇన్‌స్టాలేషన్‌నే అప్పగించమంటారా?

గాజువాక_డీటీపీ
కోపం కాదు సార్, మా పని ఆగిపోతుంది! ఏం పోతుందో ముందు చెప్పి, అడిగి చేయమంటున్నాను. మెషీన్ మాది, నిర్ణయం మాది.

అక్కయ్యపాలెం_అడ్మిన్
ఈ మాట దగ్గర నేను డీటీపీ గారి వైపే. అసలు గొడవ ఎస్‌ఎస్‌డీ గురించి కాదు, అడగకుండా చేయడం గురించి. కానీ క్లోన్‌తో ఏళ్ల తరబడి పేరుకున్న స్టార్టప్ చెత్తంతా కొత్త డిస్క్‌లోకి వచ్చేస్తుంది. ఎస్‌ఎస్‌డీ వేగంలో కొన్నాళ్లు కనబడదు, అంతే. నేనైతే క్లోన్ అయ్యాక ఎస్‌ఎస్‌డీ మీదే కీప్ మై ఫైల్స్ రీసెట్ చేస్తాను.

గాజువాక_డీటీపీ
మళ్లీ రీసెట్‌కే వచ్చారు!

డాబాగార్డెన్స్_బెంచ్
క్లోనే కావాలంటే ఇలా చేయండి. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ వాడాలి. మొదటి విడతలో చదవగలిగినంతా తీసుకుంటుంది, పాడైన చోట్లకి తర్వాత వస్తుంది, ఎక్కడెక్కడ కుదరలేదో మ్యాప్ ఫైల్లో రాసిపెడుతుంది. డిస్క్‌కి డిస్క్ కాపీ అయితే కొత్తది 1 టీబీకి తగ్గకూడదు. తర్వాత ఎస్‌ఎస్‌డీతో బూట్ చేసి ముందు డిస్మ్ రీస్టోర్‌హెల్త్, దాని తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్లు నడపండి. పాడైన విండోస్ ఫైళ్లని అవి సరిచేస్తాయి. టాలీ ఫైళ్లు వాటికి పట్టవు. టాలీలో ప్రతి కంపెనీనీ తెరిచి, చివరి బ్యాకప్‌తో పోల్చుకోవాలి. అది మీ ఆఫీసు చేయాల్సిన పని, ఏ షాపూ చేయలేదు.

ఎంవీపీ_కెరటం
క్యాబినెట్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ర్యామ్ కాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మన ఉప్పుగాలికి నల్లబడతాయి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కూడా మార్చండి. తేదీ తప్పయితే పోర్టళ్లు తెరుచుకోవు, విండోస్ యాక్టివేషన్ కూడా మొరాయిస్తుంది.

సీతమ్మధార_రిటర్న్స్
టాలీ డేటా, ఫాంట్లు బయటి డ్రైవ్‌లోకి వెళ్తున్నాయి. ఒక ఫోల్డర్ దగ్గర కాపీ నిలిచిపోయింది, 2019 నాటి స్కాన్లు.

డాబాగార్డెన్స్_బెంచ్
దాన్ని స్కిప్ చేసి మిగతావి ముందు లాగండి. ఆ ఫోల్డర్‌ని డీడీరెస్క్యూకి వదిలేయండి. మధ్యలో మెషీన్ ఆపొద్దు.